రియో డి జనీరో: ఏ కొండ ఎప్పుడెక్కాలి, ఏ బీచ్‌లో ఎక్కడ దిగాలి

అనంతపురం, కర్నూలు, కడప వైపు నుంచి బ్రెజిల్‌లోని రియో డి జనీరో వెళ్లేవాళ్ల చేతిలో చాలావరకు ఒకే రకం టూరు కాగితం ఉంటుంది. పొద్దున క్రీస్తు విగ్రహం, మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత రంగు పలకల మెట్లు, సాయంత్రం షుగర్‌లోఫ్ కొండ, దారిలో కోపకబానా బీచ్ దగ్గర ఫోటోలకు పదిహేను నిమిషాలు. చూడాల్సినవన్నీ అందులో ఉన్న మాట నిజమే. ఆకాశాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. మబ్బు పట్టిన రోజు టికెట్టు కొని కొండెక్కితే పైన కనిపించేది తెల్లటి పొగ, పక్కన నిలబడిన మనిషి, అంతే. ఈ ఊరికి కనీసం నాలుగు పగళ్లు కేటాయించండి. రెండు కొండల్లో దేనికీ ఫలానా రోజని ఇక్కడి నుంచే ఖాయం చేసుకోకండి. ఒక్క రోజులో రియో మొత్తం చూపిస్తామనే ప్యాకేజీ ఎంత చవకగా వచ్చినా డబ్బు దండగే.

కాలం కూడా చూసుకోవాలి. రియో భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది కాబట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా వేసవి, వానలూ అప్పుడే జాస్తి. ఎండకు మనం కొత్త కాదు గానీ ఆ ఉక్క మనకు కొత్త. అనంతపురంలో నీడకు జరిగితే ప్రాణం తెరిపిన పడుతుంది, అక్కడ నీడలోనూ చెమట ఆరదు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు చలికాలమంటారు గానీ పగలు 25 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది, వాన తక్కువ, ఆకాశం తేట. కొండల కోసమైతే ఆ నెలలే మేలు. కొత్త సంవత్సరానికి, కార్నివాల్‌కు వెళ్తే గది అద్దెలు ఆకాశానికి పోతాయి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని ఆ వారాల్లో వెళ్లడం మంచిది కాదు.

ముందు క్రీస్తు విగ్రహం సంగతి. అది నిలబడిన కొండ పేరు కోర్కొవాడో, ఎత్తు దాదాపు 710 మీటర్లు. విగ్రహం 30 మీటర్లు, కింద పీఠం ఇంకో 8, చాచిన చేతులు ఈ కొస నుంచి ఆ కొసకు 28 మీటర్లు. 1931 అక్టోబరు 12న ఆవిష్కరించారు. ఇంజనీరు ఎయితోర్ ద సిల్వా కోస్తా బ్రెజిల్ మనిషి, శిల్పి పాల్ లాండోవ్‌స్కీ ఫ్రాన్సు మనిషి. లోపలంతా ఇనుప కడ్డీల కాంక్రీటు. పైన కనిపించే చర్మం మాత్రం చిన్న చిన్న ముక్కోణపు బలపపు రాతి బిళ్లలు. కర్నూలు, అనంతపురం జిల్లాల్లోనూ తవ్వే రాయే అది. చెక్కడానికి మెత్తన, ఎండావానలకు పగలదు, అందుకే ఎంచుకున్నారు. పిడుగుకు మాత్రం ఏ రాయీ ఆగదు. 2014లో ఒక పిడుగు కుడిచేతి బొటనవేలి కొసను ఎగరగొట్టింది, తర్వాత బాగుచేశారు.

పైకి వెళ్లడానికి మూడు దారులు. కోస్మే వెల్యో అనే పేట నుంచి, రంపం పళ్లలాంటి పట్టాను పట్టుకుని కొండెక్కే రైలు ఒకటి. ఇది 1884లో మొదలైంది, అంటే విగ్రహం కంటే నలభై ఏళ్లకు పైగా పాతది. విగ్రహానికి కావలసిన సామాను కూడా ఈ రైలే మోసింది. పొడవు 3.8 కిలోమీటర్లు, అడవి మధ్యగా ఇరవై నిమిషాల ప్రయాణం. బాగుంటుంది, అందుకే రద్దీ కూడా. టికెట్టు మీద గంట వేసి ఉంటుంది, ఆ బండి తప్పితే ఇబ్బంది. రెండోది అధికారిక వ్యాన్లు. లార్గో దో మషాడో మెట్రో స్టేషన్ దగ్గర, కోపకబానాలో లీదో చౌరస్తా దగ్గర ఎక్కొచ్చు. రైలంత సరదా ఉండదు గానీ ఆకాశం తెరిపిచ్చిన పూట అప్పటికప్పుడు బయల్దేరడానికి ఇదే అనువు. మూడోది నడక. పార్కే లాజె తోట వెనక నుంచి అడవి బాట ఉంది, నిట్టనిలువు, కొన్నిచోట్ల గొలుసు పట్టుకుని ఎక్కాలి. దారిదోపిడీలు జరిగిన బాట కూడా అదే. తిరుమల మెట్లు రోజూ ఎక్కే కాళ్లకైనా దీన్ని సిఫారసు చేయలేం.

అద్దె కారులోనో యాప్ టాక్సీలోనో నేరుగా పైకి పోదామనుకుంటే కుదరదు. సొంత బండ్లను పైనేరాస్ అనే చోటు దాటనివ్వరు, అక్కడి నుంచి మళ్లీ అధికారిక వ్యానే. కొండ కింద మెడలో కార్డు వేసుకుని 'రైలు ఆగిపోయింది, మా బండిలో రండి' అనే మనుషులు తగిలితే ఆగకండి, టికెట్టు కిటికీ దగ్గరే అడగండి. రైలు దిగాక విగ్రహం పాదాల దాకా రెండు వందలకు పైగా మెట్లున్నాయి. 2003 నుంచి లిఫ్టులు, ఎస్కలేటర్లు పెట్టారు కాబట్టి మోకాళ్ల నొప్పులున్నవాళ్లు భయపడక్కర్లేదు. పైన చోటు ఇరుకు. పది గంటలు దాటితే చేతులు చాచి ఫోటో దిగేవాళ్ల మోచేతులు తప్పించుకోవడమే సరిపోతుంది, మొదటి బండికే ఎక్కండి.

పొద్దున్నే వెళ్లమనడానికి ఇంకో కారణముంది. విగ్రహం ముఖం తూర్పుకు, గ్వానబారా అఖాతం వైపు. ఉదయపు ఎండ నేరుగా ముఖం మీద పడుతుంది. మధ్యాహ్నం దాటితే సూర్యుడు వీపు వెనక్కి పోయి ఫోటోలో నల్లటి ఆకారమే మిగులుతుంది. మబ్బు సంగతి కూడా ఇక్కడే తెలుసుకోవాలి. సముద్రం మీది తడిగాలి కొండను తాకి పైకి లేస్తుంది, పైకి పోయేకొద్దీ చల్లబడి శిఖరం దగ్గరే మబ్బుగా మారుతుంది. బీచ్‌లో ఎండ కాస్తున్నా 700 మీటర్ల దగ్గర ఏమీ కనిపించని రోజులుండేది ఇందుకే. బీచ్ నుంచో బోటఫోగో ఒడ్డు నుంచో తలెత్తి చూడండి. విగ్రహం కింద నుంచి కనిపిస్తేనే పైనుంచి ఊరు కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ పూట ఇంకో పని పెట్టుకోండి. టికెట్టు కొనేసి ఉంటే డోనా మార్తా అనే వ్యూ పాయింట్ గుర్తుపెట్టుకోండి. కోర్కొవాడో కంటే చాలా కింద, తరచుగా మబ్బు కిందే ఉంటుంది, ప్రవేశం ఉచితం. టాక్సీని అక్కడే ఆపి ఉంచుకుని అదే బండిలో దిగాలి, అడవి రోడ్డు మీద నడవకూడదు.

రైలు దూసుకుపోయే అడవి పేరు టిజూకా. మన ప్రాంతం వాళ్లు ఫోటోలు కాసేపు ఆపి చూడాల్సింది దీన్నే. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగంలో ఈ కొండల మీద చెట్లు కొట్టేసి కాఫీ తోటలు వేశారు. ఊటలు ఎండాయి, రియోకి తాగునీళ్ల కరువు వచ్చింది. 1861లో చక్రవర్తి రెండో పేద్రో ప్రభుత్వం తోటలను స్వాధీనం చేసుకుని అడవి తిరిగి పెంచమంది. మేజర్ ఆర్చర్ అనే అధికారి ఆధ్వర్యంలో పదమూడేళ్లలో లక్ష దాకా మొక్కలు నాటారు. మొదట ఆ పనంతా చేసింది కొద్దిమంది బానిసలు. ఇవాళ ఊరి నడిమధ్యన అంత పచ్చదనం కనిపించేది ఆ చేతుల పుణ్యాన. ఇంకో విశేషం, అక్కడ పనస చెట్లు విపరీతం. మన వైపు నుంచి పోర్చుగీసు ఓడలెక్కిపోయిన పనస ఇప్పుడు స్థానిక చెట్లను ఎదగనివ్వడం లేదని అటవీ శాఖవాళ్లు తలపట్టుకుంటున్నారు.

షుగర్‌లోఫ్ కొండ 396 మీటర్లే కాబట్టి మబ్బు బెడద తక్కువ. రెండింట్లో ఒక్కదానికే డబ్బులున్నాయంటే మా ఓటు దీనికి. ఊరంతా, అఖాతమంతా, ఎదురుగా క్రీస్తు కొండతో సహా కనిపించేది ఇక్కడి నుంచే. కోర్కొవాడో మీద నిలబడితే కోర్కొవాడో కనిపించదు కదా. కేబుల్ కారు 1912లో మొదలైంది, మరుసటి ఏటికల్లా పైకొస దాకా వేశారు. ప్రయాణం రెండు ముక్కలు. ప్రాయా వెర్మేల్యా బీచ్ పక్కనున్న స్టేషన్ నుంచి 220 మీటర్ల ఎత్తున్న ఊర్కా కొండకు ఒకటి, అక్కడ దిగి నడిచి ఇంకో కారెక్కి పైకి రెండోది. ఒక్కో ముక్క మూడు నిమిషాలే, పెట్టెలో 65 మంది పడతారు. అద్దాల వైపు నిలబడాలంటే వరసలో ముందుండాలి. ఒక కారు వదులుకుని తర్వాతి దాన్లో ముందుగా ఎక్కితే సరి.

సాయంత్రమైతే సూర్యుడు కోర్కొవాడో వైపు కొండల వెనక్కి దిగుతాడు, కింద దీపాలు ఒక్కొక్కటే వెలుగుతాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. సరిగ్గా సూర్యాస్తమయానికి ముందు గంటలో కింద వరస మెలికలు తిరుగుతుంది, చాలామంది చీకటి పడ్డాక గానీ పైకి చేరరు. రెండు గంటల ముందే వెళ్లండి. ఊర్కా కొండ మీద అరగంట కూర్చుని పైకొసకు పోయి అక్కడే సూర్యాస్తమయం చూసి, ఆ వెంటనే దిగేవాళ్ల తోపులాట సద్దుమణిగాక దిగండి. కొండపైన తినుబండారాల ధరలు మండిపోతాయి, సీసాలో నీళ్లు పట్టుకెళ్లడం నయం.

డబ్బు మిగల్చాలనుకునే కాళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. స్టేషన్ పక్కనే సముద్రం వెంట క్లౌదియో కోచిన్యో నడక బాట ఉంది, పొడవు 1.25 కిలోమీటర్లు, చదునుగా, చెట్ల నీడన ఉంటుంది. అందులోంచి ఊర్కా కొండ మీదికి కాలిబాట చీలుతుంది. మెట్లు, వేర్లు, జారుడు మట్టి, నలభై నిమిషాలు. ప్రవేశం ఉచితం. షుగర్‌లోఫ్ పైకొసకు మాత్రం మామూలు బాట లేదు, తాళ్లు కట్టుకుని రాయెక్కేవాళ్లకే అది సాధ్యం. చిన్న కోతులు సంచుల దగ్గరికొస్తాయి, బిస్కెట్లు పెట్టకండి. మెట్రోలో వచ్చేవాళ్లు బోటఫోగో స్టేషన్లో దిగి బస్సో టాక్సీయో పట్టుకోవాలి.

ఇక బీచ్‌లు. కోపకబానా, లెమె కలిపి కొడవలి ఆకారంలో నాలుగు కిలోమీటర్లు. కడప బండలు, తాడిపత్రి బండలు చూసి పెరిగినవాళ్ల చూపు సముద్రం కంటే ముందు కాలిబాట మీద పడుతుంది. తెల్ల సున్నపురాయి, నల్ల బసాల్టు ముక్కలను చేత్తో పేర్చి అలల ముగ్గు వేశారు. ఇప్పుడున్న రూపం 1970ల మొదట్లో బుర్లే మార్స్ అనే తోటల శిల్పి తీర్చింది. చూడ్డానికి గొప్పగా ఉంటుంది, నడవడానికి అంత గొప్పేం కాదు. వాన పడితే నున్నగా జారుతుంది, అక్కడక్కడా రాళ్లు లేచిపోయి గుంటలున్నాయి. తోలు చెప్పులు కాదు, రబ్బరు అడుగున్నవి వేసుకోండి.

ఒడ్డు పొడుగునా 'పోస్తో' అనే కాపలా బురుజులుంటాయి. లెమె దగ్గర ఒకటో నంబరుతో మొదలై లెబ్లాన్‌లో పన్నెండుతో ముగుస్తాయి. అక్కడివాళ్లు చిరునామా కూడా వీటితోనే చెబుతారు, 'పోస్తో తొమ్మిది దగ్గర కలుద్దాం' అంటారు. లోపల డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్లు, స్నానాల గదులుంటాయి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తే కోపకబానా దక్షిణ కొసన పోస్తో ఆరు దగ్గర దిగండి. కోట ఉన్న రాతి కొమ్ము అలలను అడ్డుకుంటుంది, నీళ్లు నిమ్మళంగా ఉంటాయి, పక్కనే జాలర్ల పడవలు. 1914 నాటి ఆ కోటలోకి కొద్దిపాటి టికెట్టుతో పోనిస్తారు. అక్కడి గోడ మీంచి కనిపించే కోపకబానా వంపుకు ఆ డబ్బు ఎక్కువేం కాదు.

ఇపనేమాలో ఇసుక శుభ్రంగా ఉంటుంది, వెనక రెండు శిఖరాల దోయిస్ ఇర్మావ్స్ కొండ, పోస్తో తొమ్మిది చుట్టూ కుర్రకారు. అలలు మాత్రం ఒడ్డు దగ్గరే ఎత్తుగా లేచి విరుగుతాయి. కోపకబానాకు, ఇపనేమాకు మధ్యన ఆర్పోఅడోర్ అనే రాతి దిబ్బ ఉంది. సాయంత్రం అందరూ అక్కడ కూర్చుంటారు, పొద్దు గూకగానే చప్పట్లు కొడతారు. డిసెంబరు, జనవరిలో సూర్యుడు సముద్రంలోనే మునుగుతాడు. జూన్, జూలైలో ఊరి వైపు భవనాల మీదికి జరిగిపోతాడు. ఆ నెలల్లో ఆర్పోఅడోర్ మామూలు రాయే, ఆ సాయంత్రం షుగర్‌లోఫ్‌కు ఇచ్చేయండి. ఆదివారమైతే సముద్రం పక్క రోడ్డులో ఒక వైపు బండ్లు ఆపేసి జనానికి వదిలేస్తారు. అదే రోజు జెనరల్ ఒసోరియో చౌరస్తాలో 1968 నుంచి జరుగుతున్న చేతిపనుల సంత ఉంటుంది.

నీళ్లలో దిగే ముందు ఈ నాలుగు మాటలు వినండి. మన వైపు ఈత నేర్చుకునేది బావుల్లో, తుంగభద్ర కాలువల్లో. అక్కడ బలమున్నవాడు గట్టెక్కుతాడు. సముద్రంలో ఆ లెక్క పనికిరాదు. అల ఒడ్డు మీదికి తోసిన నీళ్లు ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి. ఇసుక దిబ్బల మధ్య పల్లం చూసుకుని పాయగా కట్టి లోపలికి పోతాయి. ఆ పాయ మీద అలలు విరగవు, నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి, కొత్తవాళ్లు అలలు లేవని సరిగ్గా అక్కడే దిగుతారు. లాగేస్తుంటే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోయి మునుగుతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది పాయ దాటాక అలలతో పాటు బయటికి రండి. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తండి. కాపలావాళ్లు అగ్నిమాపక దళం మనుషులు, వృత్తిలో ఆరితేరినవాళ్లు. ఎర్రజెండా పాతి ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. నడివేసవిలో నీళ్లు ఒక్కోసారి గడ్డకట్టే చల్లగా తగులుతాయి. ఈశాన్యపు గాలి పైనీళ్లను తోసేస్తే అడుగునున్న చన్నీళ్లు పైకి రావడమే కారణం, భయపడేదేమీ లేదు.

బోటఫోగో, ఫ్లమెంగో బీచ్‌లు ఫోటోలకు బాగుంటాయి, షుగర్‌లోఫ్ ఎదురుగా నిలబడుతుంది. అవి అఖాతం లోపల ఉన్నాయి, ఊరి మురుగు అక్కడికే చేరుతుంది. వాటిలో స్నానం వద్దు. సముద్రం వైపున్న బీచ్‌లలో కూడా గట్టి వాన కురిశాక ఒక రోజు ఆగాలి, వాన కాలువలు నేరుగా ఇసుక మీదికి దిగుతాయి. జనం లేని సముద్రం కావాలంటే పడమటి కొసన ప్రాయిన్యా, గ్రుమారి ఉన్నాయి. కొండల మధ్య చిన్న ఒడ్లు, హోటళ్లు లేవు. అక్కడ టాక్సీ దొరకదు, ఫోను సిగ్నలూ అంతంతమాత్రమే. తిరుగు బండి మాట్లాడుకుని పోవాలి. శని, ఆదివారాలు పోకండి.

ఇసుక మీద గొడుగు, కుర్చీ అద్దెకిచ్చే దుకాణాలు వరసగా ఉంటాయి. కూర్చోకముందే గొడుగెంత, కుర్చీకెంత విడివిడిగా అడిగి వేళ్ల మీద ఖాయం చేసుకోండి. లెక్క చివర్లో కడతారు, అడగకపోతే చివర్లోనే పేచీ. కార్డు గీసేటప్పుడు మిషను తెర మీద అంకె మీ కళ్లతో చూడండి. తెర పగిలిందనో, ఎండకు కనబడదనో అంటే ఆ మిషను వద్దనండి. యాభైకి బదులు అయిదు వేలు గీసే మోసం అలాగే జరుగుతుంది. యూపీఐ పనిచేయదు. అక్కడ దానిలాంటి పిక్స్ ఉంది గానీ దానికి స్థానిక బ్యాంకు ఖాతా కావాలి.

ఆడవాళ్లకు ఒక గట్టి మాట. పుస్తెలతాడు, గాజులు, కమ్మలు ఇంట్లోనో హోటల్ లాకర్లోనో ఉండాలి. మెడలోంచి తీయడం ఇష్టం లేకపోతే నల్లపూసల దండో పసుపుతాడో చాలు. మెడలో మెరిసేది, చేతిలో పైకెత్తి పట్టుకున్న ఫోను, ఈ రెండింటి మీదే దొంగల కన్ను. సైకిల్ మీద వచ్చి లాక్కుపోతారు. ఎదురు తిరగకండి. పాస్‌పోర్టు గదిలో, జిరాక్సు జేబులో. చీకటి పడ్డాక ఇసుక మీదికి దిగకూడదు, పైన దీపాలున్న కాలిబాట వరకే. పోలీసు నంబరు 190, అంబులెన్సు 192, అగ్నిమాపకం 193. వస్తువు పోతే ఇన్సూరెన్సు కోసం రిపోర్టు రాసిచ్చే పర్యాటకుల పోలీసు స్టేషను లెబ్లాన్‌లో ఉంది. మెట్రో నమ్మదగ్గది, విదేశీ కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది. పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 5 నుంచి 8 ఆడవాళ్లకు ప్రత్యేక పెట్టె ఉంటుంది. అర్ధరాత్రి అద్దె కారులో మ్యాపు చెప్పిన దగ్గరిదారి పట్టి ఫవేలాల్లోకి, అంటే అక్కడి మురికివాడల్లోకి, దూరడం మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

ఊరి నడిబొడ్డును ఒక పనిదినం పగటిపూట ముగించొచ్చు. ఆదివారం కార్యాలయాలు మూసేసి వీధులు ఖాళీ, అప్పుడు వద్దు. చిలీలో పుట్టిన చిత్రకారుడు సెలరోన్ 1990లో తన ఇంటి ముందు మెట్లకు పలకలు అతికించడం మొదలుపెట్టి 2013లో చనిపోయేదాకా ఆపలేదు. 215 మెట్లు, అరవైకి పైగా దేశాల నుంచి వచ్చిన పలకలు. తొమ్మిదింటికి ముందు వెళ్తే ఖాళీగా చూడొచ్చు, పదకొండుకు ఫోటోకి వరస కట్టాలి. పక్కనే 18వ శతాబ్దపు లాపా తోరణాలు. కొండ నీళ్లను ఊళ్లోకి తేవడానికి కట్టిన కాలువ అది, 1896 నుంచి దాని మీద పసుపు ట్రాము నడుస్తోంది. కరియోకా మెట్రో దగ్గర ఎక్కి తోరణాల మీదుగా సాంతా తెరెజా కొండకు పోవచ్చు, ఈ చిన్న ప్రయాణం తప్పకుండా చేయదగ్గది. ఓడరేవు వైపు 2015లో తెరిచిన 'రేపటి మ్యూజియం' కట్టడం బయటి నుంచి అద్భుతం, లోపల తెరలూ అక్షరాలే జాస్తి, పిల్లలకు విసుగు. మరకానా ఫుట్‌బాల్ స్టేడియానికి మ్యాచ్ రోజైతేనే వెళ్లండి, ఖాళీ కుర్చీలు చూడ్డానికి టికెట్టు అనవసరం. 1808లో మొదలైన వృక్షోద్యానంలో రాజతాళాల వరసలు రెండు గంటల నడకకు బాగుంటాయి, పాపం ఆ టూరు కాగితాల్లో దీనికి చోటుండదు.

తిండి విషయంలో శాకాహారులు బతికేది తూకం హోటళ్లలో. పళ్లెంలో కావలసింది పెట్టుకుంటే తూచి డబ్బు తీసుకుంటారు. అన్నం, నల్ల చిక్కుడు గింజల కూర, ఆకుకూర, కర్రపెండలం వేపుడు, సలాడ్లు అన్నీ ఉంటాయి. మెలిక ఏమిటంటే అన్నానికీ మాంసానికీ ఒకటే ధర. మన అలవాటు కొద్దీ అన్నం కుప్ప పోసుకుంటే మాంసం తిన్నవాడి కంటే బిల్లు ఎక్కువొస్తుంది. నల్ల గింజల్లో, కర్రపెండలం పొడి వేపుడులో పందిమాంసం ముక్కలు సామాన్యం, అడిగి పెట్టుకోండి. మాంసం వద్దంటే ఎర్రమాంసం మాత్రమే వద్దనుకుని కోడినీ చేపనూ తెచ్చిపెడతారు, వాటినీ పేరుపేరునా వద్దనాలి. కూర్చోగానే అడక్కుండా తెచ్చిపెట్టే రొట్టె, ఆలివ్ కాయలు ఉచితం కాదు, వద్దంటే తీసుకుపోతారు. బిల్లులో పది శాతం సేవా రుసుం మామూలే. మాంసాహారులకు చువ్వలకు గుచ్చి కాల్చి బల్ల దగ్గరికే తెచ్చి కోసిపెట్టే హోటళ్లున్నాయి, కడుపు నిండా తినొచ్చు. బ్రెజిల్లో ఎక్కువగా పెంచే నెలోర్ పశువులు మన ఒంగోలు జాతి సంతానమేనన్న సంగతి తెలిసి కొందరు ఆ చువ్వ దగ్గర ఆగిపోతారు, అది ఎవరిష్టం వారిది. బీచ్‌లో స్టీలు పీపాలు భుజాన వేసుకుని అమ్మే చల్లటి మాతే టీ, నిమ్మరసం కలిపినది, ఎండకు దివ్యంగా ఉంటుంది. కొబ్బరిబోండాం తాగాక కొట్టిమ్మంటే లేతకొబ్బరి ఇస్తారు. కారం మాత్రం ఎక్కడా ఉండదు. చెనిక్కాయల పొడి డబ్బా ఒకటి సంచిలో ఉంటే పది రోజులు గట్టెక్కొచ్చు.

రైస్ కుక్కర్ మోసుకుపోకండి. రియోలో కరెంటు 127 వోల్టులు. మన 230 వోల్టుల కుక్కర్, కెటిల్ అక్కడ మూడో వంతు వేడి కూడా ఇవ్వవు, బియ్యం నాని గంజవుతుంది. ఫోన్ ఛార్జర్లు 100 నుంచి 240 దాకా తట్టుకుంటాయి, సన్న రెండు పుల్లలవి అక్కడి సాకెట్లో పడతాయి. మూడు లావు పుల్లల లాప్‌టాప్ తీగకు అడాప్టర్ కావాలి. సిమ్ కార్డుకు, కొన్ని టికెట్టు సైట్లకు సీపీఎఫ్ అనే స్థానిక నంబరు అడుగుతారు. సైట్లో పాస్‌పోర్టు అనే ఎంపిక వెతకండి, ఫోనుకు ఈ-సిమ్ ఇక్కడే వేసుకోండి.

వీసా ముందే తీసుకోవాలి, దిగాక ఇవ్వరు. అనంతపురం వాళ్లకు దేవనహళ్లి, కర్నూలు వాళ్లకు శంషాబాద్ విమానాశ్రయాలు, రెండింటికీ 44వ జాతీయ రహదారే. దుబాయి, దోహా, ఆడిస్ అబాబా మీదుగా టికెట్టు చూడండి. అమెరికా మీదుగా చవకగా కనిపించినా ఆ దేశపు ట్రాన్సిట్ వీసా లేనిదే విమానం ఎక్కనివ్వరు.

అందరూ మరిచేది పచ్చజ్వరం టీకా. బ్రెజిల్ నుంచి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఆ టీకా కార్డు లేకపోతే భారత విమానాశ్రయంలోనే ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఒక్క డోసు జీవితాంతం చెల్లుతుంది. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల కార్డే పనికొస్తుంది, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) అలాంటిదొకటి. ఏ రోజుల్లో వేస్తారో ముందు ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి. అరవై దాటినవాళ్లు, గర్భిణులు డాక్టరును అడక్కుండా వేయించుకోకూడదు. కార్డులో పేరు, పాస్‌పోర్టు నంబరు ఒక్క అక్షరం తేడా లేకుండా ఉన్నాయో లేదో అక్కడే చూసుకుని పాస్‌పోర్టు కవరులో పెట్టండి. పెద్ద పెట్టెలో వేయకండి, ఆరోగ్య శాఖ బల్ల సామాను బెల్టు కంటే ముందే వస్తుంది.